కృష్ణబిలంలో పడాలనుకునేవాళ్లకి, మన గోదారి లెక్కలో

మొన్న శ్రావణంలో కోటిపల్లి రేవులో పంటు ఎక్కాం, నేనూ మా మేనకోడలూ, అవతల ముక్తేశ్వరం పక్కన చుట్టాలింట్లో పెళ్లి. గోదారి ఎర్రగా ఉంది, మరీ వరద కాదు గానీ జోరు మీదే ఉంది, నడిమధ్యలో ఓ సుడి తిరుగుతుంటే దాన్నే చూస్తా చూస్తా అది అడిగింది, "మావయ్యా, బ్లాక్ హోల్‌లో పడితే కూడా ఇలాగే గిర్రున తిరిగి లోపలికి పోతామా" అని. ఇంటర్ ఎంపీసీ, ఫిజిక్స్ అంటే పడి చస్తది. పంటు అవతలి ఒడ్డుకి చేరేలోపు అయ్యే ముచ్చట కాదది, పెళ్లిలో బంతిలో కూర్చుని పనసపొట్టు కూర కలుపుకుంటా కూడా అదే గొడవ, పక్కనాయన మమ్మల్ని అదోలా చూశాడు. అప్పుడు చెప్పిందంతా ఇక్కడ వరసగా రాస్తన్నా. నిజంగా పడాలనుకునేవాళ్లు ఎవరన్నా ఉంటే పనికొస్తది.

ముందు ఒక భయం తీసేసుకోండి. కృష్ణబిలం అన్నీ లాక్కునే వాక్యూమ్ క్లీనర్ కాదండి. మన సూర్యుణ్ణి ఉన్న బరువు ఉన్నట్టే నొక్కి నొక్కి 3 కిలోమీటర్ల వ్యాసార్థంలో కుక్కేస్తే కృష్ణబిలం అయిపోద్ది, అయినా భూమి ఇప్పుడు తిరుగుతున్న దారిలోనే తిరుగుతా ఉంటది, చలికి చస్తాం అంతే. భూమినైతే ఓ రేగిపండంత చెయ్యాలి, వ్యాసార్థం 9 మిల్లీమీటర్లు. కాబట్టి దూరంగా ఉన్నంతసేపూ అదీ ఓ మామూలు బరువైన వస్తువే. పడాలంటే మీరే పని గట్టుకుని దగ్గరికెళ్లాలి, అదీ కాస్త గురి చూసుకుని.

ఇక అసలు సంగతి, సైజు. ఇక్కడ తప్పు చేశారా, మిగతాదంతా చదవక్కర్లేదు. చిన్నది దగ్గర్లో ఉంది కదా అని దాన్ని ఎంచుకోవద్దు. ఇప్పటిదాకా తెలిసినవాటిలో అన్నిటికన్నా దగ్గరది గయా బీహెచ్1, సుమారు 1,560 కాంతి సంవత్సరాల దూరం, బరువు దాదాపు 10 సూర్యుళ్లు. 10 సూర్యుళ్లంటే దాని అంచు (అది దాటితే వెలుగు కూడా వెనక్కి రాలేని గీత) మధ్య నుంచి 30 కిలోమీటర్లు, ఇంచుమించు రాజమండ్రిలో బయల్దేరితే రావులపాలెం దాకా. చిన్నదే కదా ముద్దుగా ఉంది అనిపిస్తది. అదే మోసం.

ఎందుకో మన డెల్టావాళ్లకి చెప్పడం తేలిక, పోటూ పాటూ చూస్తా పెరిగాం కదా. యానాం దగ్గరో అంతర్వేది దగ్గరో అమావాస్యకి పోటు గట్టిగా ఎందుకొస్తది? చంద్రుడు (ఆ రోజు సూర్యుడు కూడా తోడవుతాడు) భూమికి తన వైపున్న నీళ్లని ఎక్కువ లాగుతాడు, అవతలి వైపున్నవాటిని తక్కువ లాగుతాడు, పోటంతా ఆ తేడాలోంచి పుట్టిందే. ఇప్పుడు మీరు కాళ్లు ముందుగా కృష్ణబిలంలోకి పడుతున్నారనుకోండి, కాళ్లు దగ్గర, తల దూరం, కాళ్లని ఎక్కువ లాగుద్ది తలని తక్కువ లాగుద్ది. అంటే మీ ఒంట్లోనే పోటు. 10 సూర్యుళ్ల కృష్ణబిలం దగ్గర, ఇంకా 3,700 కిలోమీటర్ల దూరంలో ఉండగానే తలకీ కాళ్లకీ మధ్య ఆ లాగుడు తేడా భూమ్మీద మీ బరువుకి 10 రెట్లు అయిపోద్ది. అంచు దగ్గరికి చేరేసరికి 2 కోట్ల రెట్లు. నిలువునా సాగదీస్తది, అదే టైంలో పక్కల నుంచి నొక్కుద్ది కూడా. దీనికి శాస్త్రవేత్తలు ఏదో ఇటలీ సేమ్యా పేరు పెట్టారు గానీ మనకి జంతికల గొట్టం చాలు, పైనుంచి పిండి, కిందనుంచి తీగ. అంచు చూడకుండానే జంతిక అయిపోతే అంత దూరం పోయి ఏం లాభం?

పెద్దదాన్ని పట్టుకోండి. ఇదే వింత, కృష్ణబిలం ఎంత పెద్దదైతే అంచు దగ్గర అంత మెత్తగా ఉంటది. నా ఓటు మన పాలపుంత నడిమధ్యలో ఉన్న సాజిటేరియస్ ఏ స్టార్‌కి. సుమారు 43 లక్షల సూర్యుళ్ల బరువు, అంచు మధ్య నుంచి 1 కోటి 27 లక్షల కిలోమీటర్లు, దూరం 26, 27 వేల కాంతి సంవత్సరాలు (ఛార్జీలు మీవి). అక్కడ అంచు దాటేటప్పుడు తలకీ కాళ్లకీ తేడా ఎంతంటే, 70 కిలోల మనిషికి ఓ కాసు బంగారం బరువంత. మెళ్లో గొలుసు వేసుకున్నంత కూడా తెలీదు.

అది ఉన్న దిక్కు చూడాలంటే ఆషాఢం శ్రావణాల్లో మబ్బు లేని రాత్రి దొరికితే సముద్రం ఒడ్డున నిలబడి దక్షిణానికి చూడండి, ధనూరాశి వైపు పాలపుంత బాగా చిక్కగా ఉంటది, ఆ చిక్కదనం వెనకాల ఉంది. కంటికి కనపడదు. దాని చుట్టూ చుక్కలు తిరగడాన్ని ఏళ్ల తరబడి చూసి దాని బరువు తూచారు, ఎస్2 అనే చుక్క 16 ఏళ్లకోసారి చుట్టు తిరుగుద్ది, ఆ పనికే శాస్త్రవేత్తలు గెంజెల్‌కీ గెజ్‌కీ 2020లో నోబెల్ వచ్చింది, అదే ఏడు కృష్ణబిలాలు ఏర్పడతాయని లెక్కల్లో రుజువు చేసిన పెన్‌రోజ్‌కి కూడా. 2022 మే 12న ఫొటో బయటపెట్టారు. అచ్చం మినప గారె. గారె చుట్టూ వెలుగు, మధ్యలో చిల్లు నలుపు. దానికన్నా ముందు 2019 ఏప్రిల్ 10న వచ్చిన ఫొటో ఎం87 గెలాక్సీలోది, అది 650 కోట్ల సూర్యుళ్లు, కానీ ఐదున్నర కోట్ల కాంతి సంవత్సరాలు, పైగా దాని నుంచి చిమ్మే జెట్, అంటే వేడి గ్యాసు ధార, వేల కాంతి సంవత్సరాల పొడవు. అంత రద్దీలోకి ఎందుకు.

రద్దీ అన్నాను కాబట్టి, దారిలో మిమ్మల్ని చంపేది చాలాసార్లు కృష్ణబిలం కాదు, దాని చుట్టూ తిరిగే గ్యాసు. ఒకదానికొకటి రాసుకుని లక్షల డిగ్రీలకి కాగి ఎక్స్‌రేలు కక్కుతా ఉంటది. మన శ్రీహరికోట నుంచి 2024 జనవరి 1న ఎగిరిన ఇస్రో ఉపగ్రహం ఎక్స్‌పోశాట్ చూసేది ఇలాంటి ఎక్స్‌రేలనే. సాజిటేరియస్ ఏ స్టార్ ప్రస్తుతానికి పస్తులున్న రకం, చుట్టూ గ్యాసు పలచన, అప్పుడప్పుడూ తళుక్కుమంటది అంతే. అయినా ఆ గ్యాసు పళ్లెంలా తిరిగే వైపు కాకుండా పైనుంచి దిగడం మేలు.

ఇప్పుడు మేనకోడలు అడిగిన సుడి ప్రశ్న. తిరుగుతామా? నేరుగా పడితే పెద్దగా తిరగరు. నిజం కృష్ణబిలాలు తమ చుట్టూ తాము తిరుగుతాయి, పక్కనున్న చోటుని కూడా కొంచెం తిప్పుతాయి, అది నిజమే, కానీ నేను ఈ లెక్కలన్నీ తిరగనిదానికే చెబుతున్నా, లేకపోతే మీరూ నేనూ ఇద్దరం తిరిగిపోతాం. సుడి కన్నా మంచి పోలిక పులస.

పులస సముద్రం నుంచి గోదారిలోకి ఎదురీదుకుంటా ధవళేశ్వరం బ్యారేజీ దాకా వస్తది కదా. సముద్రంలో ఉన్నప్పుడు ఇలస, గోదారి నీళ్లు తాగి ఎదురీదితేనే పులస, అందుకే ఆ రేటు. ఇప్పుడు ఒక గోదారిని ఊహించుకోండి, కిందికి పోయేకొద్దీ వడి పెరిగే గోదారి. ఒక చోట నీటి వడి సరిగ్గా పులస ఈత వడికి సమానం అయిపోద్ది. అక్కడున్న పులస ఎంత ఈదినా ఉన్నచోటే ఉంటది. దానికి ఒక్క అడుగు దిగువనున్న పులస ఎదురీదుతానే కొట్టుకుపోతా ఉంటది. కృష్ణబిలం చుట్టూ చోటే అలా లోపలికి ప్రవహిస్తోంది అనుకోండి, పులస స్థానంలో వెలుగు, సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు. ఆ సమానమయ్యే గీతే అంచు. ఇది నా తెలివి కాదండి, ఉన్రూ అనే కెనడా ఆయన 1981లోనే పారే నీటిలో శబ్దంతో ఇలాంటిది చెయ్యొచ్చు అని రాశాడు. పులస మాత్రం నాదే.

దీంట్లో ముఖ్యమైంది ఏంటంటే ఆ గీత దగ్గర నీళ్లకి ఏ గుర్తూ ఉండదు. చప్పుడు లేదు, నురగ లేదు, జలపాతం లేదు. ధవళేశ్వరంలో అయితే 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, టీవీలో స్క్రోలింగు, లంకల్లో దండోరా. కృష్ణబిలానికి ఒక్క హెచ్చరికా లేదు. మీరు దాటింది మీకే తెలీదు.

సరే పడండి. దూరం నుంచి ఏ ఇంజనూ వేయకుండా వదిలేసుకుని వచ్చారనుకుందాం. ఒంటికి బరువే ఉండదు, తీర్థంలో జెయింట్ వీల్ పైనుంచి కిందకి దిగేటప్పుడు పొట్టలో ఖాళీ అయిపోద్ది చూడండి, అదే ఆగకుండా. భూమికీ సూర్యుడికీ ఉన్నంత దూరం, అంటే 15 కోట్ల కిలోమీటర్లు మిగిలి ఉన్నప్పుడు మీ వాచీ చూసుకోండి. అక్కడి నుంచి నడిమధ్య దాకా మొత్తం 19 నిమిషాలే. పులిహోర పొట్లం విప్పేలోపు అయిపోద్ది, క్యారేజీ వద్దు. దారిలో అంచుకి ఒకటిన్నర రెట్ల దూరంలో వెలుగే గుండ్రంగా తిరిగే చోటు ఒకటి వస్తది, అక్కడ ఎవరన్నా రాకెట్ వేసుకుని నిలబడగలిగితే తన పిలక తనే ముందు చూసుకోవచ్చు అంటారు, మీరు మాత్రం దూసుకుపోతుంటారు కాబట్టి ఆ ముచ్చట లేదు.

ఎదర నలుపు పెరుగుతా ఉంటది. చాలామంది అనుకుంటారు అంచు దగ్గర ఆకాశం మొత్తం నలుపు మింగేసి, వెనకాల చిన్న చిల్లంత వెలుగు మిగులుద్ది అని. అది అక్కడ ఎలాగో ఆగి నిలబడేవాడికి. పడిపోతున్న మనిషికి అలా కాదు, అంచు దాటే క్షణానికి ఆ నలుపు వెడల్పు 84 డిగ్రీలు, అంటే పొలం గట్టున నిలబడితే నేల నుంచి నడినెత్తి దాకా ఎంత మేరో దానికి కాస్త తక్కువ. దాని చుట్టూ చుక్కలన్నీ వంగి ఒక వలయంలా నొక్కుకుపోయి ఉంటాయి. మిగతా ఆకాశం ఉంటది. వెనక్కి తిరిగి చూస్తే నేరుగా వెనకనున్న చుక్కల వెలుగు కొంచెం ఎర్రబారి, సగం ఫ్రీక్వెన్సీకి దిగి కనపడుద్ది. ఇంకో పుకారు కూడా ఉంది, పడేటప్పుడు విశ్వం భవిష్యత్తంతా సినిమా ఫాస్ట్ ఫార్వర్డ్ చేసినట్టు కనపడుద్ది అని. ఆ ఆశ పెట్టుకోకండి. కనపడదు.

అదిగో, ఆ మాట చదివేలోపు దాటేశారు.

లోపల మీకు ఇంకా 28 సెకన్లు ఉన్నాయి. ఏం చేస్తారో మీ ఇష్టం గానీ ఒకసారి కాళ్ల వైపు చూసుకోండి. మా పిల్ల అడిగింది ఇదే, లోపల వెలుగు బయటికి రాలేదు కదా, కాళ్ల నుంచి వెలుగు పైకి కంటికి ఎలా వస్తది అని. మంచి ప్రశ్న. పులస ఎదురీదుతానే దిగువకి కొట్టుకుపోతోంది, నిజమే, కానీ దాని పైనున్న మీ పడవ అంతకన్నా వడిగా దిగువకి కొట్టుకొస్తోంది, కాబట్టి పులసే మీ పడవకి తగులుద్ది. కాళ్లు శుభ్రంగా కనపడతాయి.

మా తాత నాటు పడవ నడిపేవాడు, నాకు ఈత నేర్పేటప్పుడు చెప్పింది ఒకటే, "సుడిలో చిక్కితే గింజుకోకురా, ఊపిరి బిగబట్టి దాంతో పాటే కిందికి పో, అడుగున అదే వదిలేస్తది" అని. నిజంగా వదిలేస్తదో లేదో నేను పరీక్షించలేదు, మీరూ పరీక్షించకండి. ఇక్కడ సగం మాటే పనిచేస్తది. గింజుకోవద్దు అనేది కరెక్టే, ఎందుకంటే లోపల రాకెట్ ఇష్టమొచ్చినట్టు వేస్తే ఉన్న టైం కూడా తగ్గిపోవచ్చు, చాలా తెలివిగా లెక్కకట్టి వేసినా 66 సెకన్లకి మించి ఎవరూ బతకలేరు, అదే ఈ కృష్ణబిలానికి హద్దు. అడుగున వదిలేస్తది అనేది మాత్రం లేదు. ఎందుకంటే లోపలికెళ్లాక నడిమధ్య అనేది ఒక చోటు కాదు. బయట ఉన్నప్పుడు అది మీ ఎదర ఉన్న చోటు, పక్కకి తప్పుకోవచ్చు. అంచు దాటాక అది రేపు లాంటిది. ఎటు తిరిగి పరిగెత్తినా రేపు వచ్చే తీరుద్ది కదా, తూర్పుకి పోతే రాదా, పడమటికి పోతే రాదా? చోటూ కాలమూ అక్కడ వేషాలు మార్చుకుంటాయి.

నొప్పి సంగతి చెప్పాలి, అందరికీ భయం అదే. 28 సెకన్లలో దాదాపు మొత్తం హాయిగానే ఉంటారు. మధ్య నుంచి ఇంకా 2 లక్షల 80 వేల కిలోమీటర్లు ఉందనగా, అంటే చంద్రుడికీ మనకీ ఉన్న దూరం కన్నా తక్కువలో, ఆ జంతికల గొట్టం మొదలవుద్ది, తేడా 10 రెట్లకి చేరుద్ది. అక్కడి నుంచి చివరిదాకా ఎంతసేపంటే సెకనులో పదో వంతు కన్నా తక్కువ. నాకు భలే నచ్చేది ఏంటంటే ఆ పదో వంతు చిన్న కృష్ణబిలానికైనా పెద్దదానికైనా ఒకటే, దూరం నుంచి వదిలేసుకుని పడినవాళ్లందరికీ అంతే. చిన్నదానిలో అది అంచుకి బయట వస్తది, పెద్దదానిలో లోపల వస్తది, తేడా అంతవరకే. కంట్లో నలక పడితే రెప్ప కొట్టడానికి పట్టే టైం కన్నా ఎక్కువ కాదు. చివరి చోట ఏం జరుగుద్దో ఐన్‌స్టీన్ సమీకరణాలే చేతులెత్తేస్తాయి, కాబట్టి గైడు కూడా అక్కడ ఆగుద్ది.

ఇక ఒడ్డున ఉండిపోయినవాళ్ల కోసం నాలుగు మాటలు, వీళ్లని ఎవరూ పట్టించుకోరు. మీరు వెళ్లేటప్పుడు టార్చి వేసుకుని వెళ్లండి, వాళ్లు దూరం నుంచి చూస్తా ఉంటారు. మీరు సెకనుకోసారి టార్చి ఊపుతుంటే వాళ్లకి ఆ ఊపులు దూరం దూరంగా అందుతాయి, రెండు సెకన్లకొకటి, పది సెకన్లకొకటి, తర్వాత నిమిషాలకొకటి. వెలుగు ఎర్రబడుద్ది, ఒకట్రెండు నిమిషాల్లో కంటికి అందని ఎరుపులోకి జారిపోద్ది, అరగంటలోపు మామూలు కెమెరా ఏదీ పట్టుకోలేదు. వాళ్ల లెక్కలో మీరు అంచు దాటడమనేది జరగనే జరగదు, అంచు మీద అతుక్కుని మాసిపోయిన బొమ్మలా ఉండిపోతారు. అది మీరు కాదు, మీరు ఎప్పుడో వదిలిన పాత వెలుగు, ఎదురీదలేక ఈదుతున్న పులసలు ఒక్కొక్కటే ఆలస్యంగా ఒడ్డుకి చేరడం. అది చూసి ఇంకా ఉన్నాడు, తాడేస్తే వస్తాడు అని ఎవరూ దూకకూడదు, ముందే చెప్పి వెళ్లండి.

బంతిలో ఇదంతా వింటున్న ఆ పక్కనాయన అప్పుడు నోరు విప్పాడు. పౌరోహిత్యం చేస్తారట. "అయితే బాబూ, ఆయనకి తద్దినం ఏ తిథికి పెట్టాలి? దాటడమే కనపడదంటివి" అన్నారు. నాకు ఒక్క నిమిషం మాట రాలేదు, పెరుగులో చెయ్యి పెట్టి ఆలోచిస్తా కూర్చున్నా. మేనకోడలే చెప్పింది. ఒడ్డు నుంచి మనం కేకేస్తే, అంటే లేజర్ కొడితే, అది ఆయన్ని చేరడానికి ఒక ఆఖరి టైం ఉంటది కదా, అది దాటాక ఎంత గట్టిగా కేకేసినా ఆయన ముగిసిపోయేలోపు అందదు, ఆ టైం మన గడియారంలోనే లెక్కకట్టొచ్చు, ఆ పూట ఏ తిథి ఉందో చూసి పెట్టేయండి అని. ఆయన కాసేపు చూసి, సూర్యోదయానికి ఉన్న తిథా, అపరాహ్ణానికి ఉన్న తిథా అని అడగబోయి, పాయసం వడ్డిస్తున్నారని ఆకు వైపు తిరిగారు.